కోపానికీ గుండెపోటుకూ ఉన్న సంబంధం: తరచుగా అడిగే ప్రశ్నలు

గుండె జబ్బుల గురించి ఏం రాసినా, చివరికి వచ్చే ప్రశ్నలు ఎక్కువగా కోపం గురించే. కొందరు తమ గురించి భయపడి అడుగుతారు. కొందరు ఇంట్లోవాళ్ళ తరఫున అడుగుతారు. ఇంకొందరు పోయినవాళ్ళను తలచుకుని అడుగుతారు. మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## మొదట్లో వచ్చే అనుమానాలు

కోపం వస్తే గుండెపోటు వస్తుందనేది నిజమేనా, భయపెట్టడానికి అనే మాటా?

నిజమే, కాకపోతే సగం నిజం. అమెరికాలో ముర్రే మిటిల్‌మన్ బృందం గుండెపోటుతో ఆసుపత్రిలో చేరిన 1,600 మందికి పైగా రోగులను కొద్ది రోజుల్లోనే కలిసి మాట్లాడింది. నొప్పి మొదలవడానికి ముందు 2 గంటల్లో బాగా కోపం వచ్చిందా, మామూలుగా ఎన్నాళ్ళకోసారి అలా వస్తుంది అని అడిగి, అదే మనిషి మామూలు రోజులతో పోల్చి చూసింది. 1995లో వచ్చిన ఫలితం ప్రకారం ఆ 2 గంటల్లో ప్రమాదం 2.3 రెట్లు ఉంది. 2014లో ఇలాంటి 9 అధ్యయనాలను కలిపి లెక్కేస్తే అది దాదాపు 4.7 రెట్లకు చేరింది. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలోనూ, నొప్పికి ముందు గంటలో కోపమో, మనసు బాగా కలత పడడమో ఉన్నప్పుడు ప్రమాదం 2.4 రెట్లుగా తేలింది.

మిగతా సగం ఏమిటంటే, కోపం చాలావరకు చివరిగా పడే తోపుడు మాత్రమే. రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం ఏళ్ళ తరబడి జరిగే పని. దానికి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగాకు కారణాలు.

4.7 రెట్లు అంటున్నారు. అంటే ఒకసారి గట్టిగా అరిస్తే పోయినట్టేనా?

కాదు. రెట్లు చూసి బెంబేలెత్తకండి, దేనికి రెట్లో చూడండి. ఏ మనిషికైనా ఫలానా 2 గంటల్లోనే గుండెపోటు వచ్చే అవకాశం చాలా చాలా తక్కువ. దాన్ని దాదాపు 5తో గుణించినా తక్కువే.

2014 లెక్కలు వేసినవాళ్ళే దీన్ని విడమర్చి చెప్పారు. గుండె జబ్బు ముప్పు తక్కువగా ఉన్నవాళ్ళు 10,000 మంది నెలకోసారి కోపంతో ఊగిపోతే, ఏడాదికి అదనంగా వచ్చే గుండెపోటు 1. ముప్పు ఎక్కువగా ఉన్న 10,000 మందిలో అయితే 4. అదే కోపం రోజుకు 5 సార్లు వస్తే? ముప్పు తక్కువ ఉన్నవాళ్ళలో ఏడాదికి 158, ఎక్కువ ఉన్నవాళ్ళలో 657. ఈ నాలుగు అంకెలే నాకు మొత్తం విషయాన్ని చెప్పేస్తాయి. ఎప్పుడో ఒకసారి వచ్చే కోపం గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. రోజూ నాలుగైదు సార్లు ఒళ్ళు మండేవాళ్ళు, అందులోనూ బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం దీన్ని జబ్బు లెక్కనే పట్టించుకోవాలి.

కోపం వచ్చినప్పుడు గుండెలో, రక్తనాళాల్లో ఏం జరుగుతుంది?

ఒంట్లో ఒత్తిడికి విడుదలయ్యే హార్మోన్లు, అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ ఒక్కసారిగా పెరుగుతాయి. గుండె వేగం, బీపీ ఎగబాకుతాయి. గుండెకు రక్తం ఎక్కువ కావాల్సిన ఆ సమయంలోనే, జబ్బు ఉన్న కరోనరీ నాళాలు (గుండెకు రక్తం అందించేవి) విచ్చుకోవాల్సింది పోయి కుంచించుకుపోవచ్చు. రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకునే గుణం పెరుగుతుంది. నాళం గోడలో పలచని పొర కింద కొవ్వు పేరుకుని ఉంటే, ఆ ఒత్తిడికి పొర చిట్లవచ్చు. చిట్లినచోట రక్తం గడ్డకట్టి దారి మూసేస్తే అదే గుండెపోటు. నాళం మూసుకోకపోయినా, అడ్రినలిన్ వల్ల గుండె లయ తప్పే ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇది ముఖ్యంగా అప్పటికే గుండె కండరం దెబ్బతిన్నవాళ్ళకు.

ఆరోగ్యవంతుల్లో కూడా కొంత జరుగుతుంది. అమెరికాలో 2024లో వచ్చిన ఒక ప్రయోగంలో గుండె జబ్బు లేని 280 మందిని తీసుకున్నారు. కొందరిని తమకు కోపం తెప్పించిన పాత సంఘటనను 8 నిమిషాల పాటు గుర్తుచేసుకోమన్నారు. ఎదురుగా ఎవరూ లేరు, గొడవ లేదు, కుర్చీలో కూర్చుని గుర్తుచేసుకోవడమే. అయినా రక్తనాళాలు విచ్చుకునే శక్తి తగ్గింది. ఆ ప్రభావం 40 నిమిషాల వరకు కనిపించింది. పాత గొడవను రాత్రి పడుకుని మళ్ళీ మళ్ళీ తవ్వుకునేవాళ్ళు ఈ ప్రయోగాన్ని కాస్త గుర్తుపెట్టుకోవాలి.

చిన్న చిరాకు కూడా ప్రమాదమేనా? ఎంత కోపం అయితే లెక్కలోకి వస్తుంది?

చిరాకు గురించి కంగారు వద్దు. సిడ్నీలో 2015లో వచ్చిన అధ్యయనంలో కోపాన్ని 1 నుంచి 7 వరకు కొలిచారు. 5 అంటే పళ్ళు కొరకడం, పిడికిళ్ళు బిగించడం, ఒళ్ళంతా బిర్రబిగుసుకుపోవడం. అంతకు మించినది అరుపులు, వస్తువులు విసిరేయడం. 5, ఆపైన ఉన్న కోపం తర్వాత 2 గంటల్లో గుండెపోటు ప్రమాదం 8.5 రెట్లు కనిపించింది.

అదే అధ్యయనంలో చాలామంది చెప్పని సంగతి ఇంకొకటుంది. ఆ 313 మంది రోగుల్లో, నొప్పికి ముందు 2 గంటల్లో అంత కోపం తెచ్చుకున్నవాళ్ళు నూటికి ఇద్దరు ముగ్గురే. మిగతావాళ్ళకు గుండెపోటుకు ముందు ఆ 2 గంటల్లో అంత కోపం రాలేదు.

ఇది ఈమధ్య కనిపెట్టిన విషయమా?

కాదు. 18వ శతాబ్దంలో లండన్‌లో జాన్ హంటర్ అనే పేరుమోసిన సర్జన్ ఉండేవాడు. ఆయనకు గుండెనొప్పి ఉండేది, కోపమొస్తే అది ఎక్కువయ్యేది. తనను ఉడికించే ఏ తుంటరి చేతిలోనైనా తన ప్రాణం ఉన్నట్టేనని ఆయనే అనేవాడట. 1793 అక్టోబర్ 16న సెయింట్ జార్జ్ ఆసుపత్రి సమావేశంలో మాటా మాటా పెరిగి, అక్కడే కుప్పకూలి చనిపోయాడు. శవపరీక్షలో ఆయన కరోనరీ నాళాలు గట్టిపడి ఉన్నట్టు తేలింది. గొడవ ఆ రోజుది, జబ్బు పాతది.

ముక్కు మీద కోపం ఉండేవాళ్ళకు గుండె జబ్బు ఎక్కువగా వస్తుందా?

కొంచెం ఎక్కువే. 2009లో అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, కోపం, పగ స్వభావంలోనే ఉన్నవాళ్ళకు గుండె జబ్బు ముప్పు 19 శాతం ఎక్కువగా కనిపించింది. అప్పటికే గుండె జబ్బు ఉన్నవాళ్ళలో పరిస్థితి విషమించే ముప్పు 24 శాతం ఎక్కువ. సిగరెట్, బీపీలతో పోలిస్తే ఇది చిన్న అంకే.

1950ల చివర్లో ఫ్రీడ్‌మన్, రోజెన్‌మన్ అనే ఇద్దరు డాక్టర్లు 'టైప్ ఎ' మనుషుల గురించి చెప్పారు. ఎప్పుడూ హడావిడి, పోటీ, అసహనం ఉండేవాళ్ళన్నమాట. తర్వాతి పరిశోధనల్లో హడావిడి పాత్ర పెద్దగా నిలబడలేదు. ఎదుటివాడు ఎప్పుడూ మోసమే చేస్తాడన్న అనుమానం, లోపల రగిలే పగ, వీటికే గుండెతో గట్టి సంబంధం కనిపించింది. చకచకా పనిచేసుకునేవాళ్ళు ఊపిరి పీల్చుకోవచ్చు.

కోపాన్ని మింగితే ఇంకా చేటు కదా, కక్కేస్తేనే మంచిదా?

రెండూ మంచివి కావు. అరిచేస్తే, దిండును గుద్దేస్తే మనసు తేలికవుతుందన్న నమ్మకం బలంగా ఉంది కానీ పరిశోధనలు దాన్ని సమర్థించవు. 154 అధ్యయనాలను కలిపిన 2024 సమీక్షలో, శరీరాన్ని ఇంకా రెచ్చగొట్టే పనులు కోపాన్ని తగ్గించలేదు. నెమ్మదిగా ఊపిరి పీల్చడం, ధ్యానం, కండరాలను వదులు చేయడం లాంటివి తగ్గించాయి.

అలాగని మింగడం కూడా సరికాదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ ఊరివాళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనంలో, భర్తతో గొడవ వచ్చినప్పుడు నోరు మెదపకుండా ఉండే భార్యల్లో ఆ పదేళ్ళ కాలంలో మరణాల ముప్పు 4 రెట్లు కనిపించింది. కాబట్టి చెప్పాల్సింది చెప్పాలి, ఒళ్ళు చల్లబడ్డాక చెప్పాలి.

## కోపం నషాళానికెక్కిన సమయంలో

ఆ క్షణంలో ఏం చేస్తే తొందరగా తగ్గుతుంది?

ముందు అక్కడి నుంచి కదలండి. వాదన గెలవడం గురించి తర్వాత చూసుకోవచ్చు. "పావుగంటలో వచ్చి మాట్లాడతాను" అని చెప్పి వెళ్ళండి. చెప్పకుండా తలుపు ధడేల్మని వేసి వెళితే అవతలి మనిషి బీపీ పెరుగుతుంది. ఎక్కడైనా కూర్చుని దవడ, భుజాలు, పిడికిళ్ళు వదులు చేయండి. పీల్చే ఊపిరి కన్నా వదిలే ఊపిరి ఎక్కువసేపు ఉండాలి. నిమిషానికి 6 శ్వాసల చొప్పున, అయిదు నిమిషాలు చాలు.

ఫోన్ చేతిలోకి తీసుకోకండి. ఆ గొడవ గురించే ఇంకొకరికి మొదటి నుంచి చెప్పడం మొదలుపెడితే కోపం మళ్ళీ మొదటికొస్తుంది.

కోపంలో ఉన్నప్పుడు బీపీ చూసుకుంటే 170 వచ్చింది. మాత్ర ఎక్కువ వేసుకోవాలా?

వేసుకోవద్దు. కోపంలో బీపీ పెరగడం సహజం, అప్పుడు చూసిన అంకెతో మందు మార్చకూడదు. నిశ్శబ్దంగా కాసేపు కూర్చుని, అరగంట తర్వాత మళ్ళీ చూడండి. 180/120 దాటి ఉండి ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడడం, చేయో కాలో పట్టు తప్పడం లాంటివి ఉంటే మాత్రం ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

కోపం దిగడానికి పరుగెత్తడమో, జిమ్‌లో బరువులెత్తడమో చేయవచ్చా?

ఆ సమయంలో వద్దు. ఇంటర్‌హార్ట్ లెక్కల్లో కోపం, భారీ శారీరక శ్రమ రెండూ ఒకే గంటలో కలిసినప్పుడు గుండెపోటు ప్రమాదం 3 రెట్లకు చేరింది, విడివిడిగా ఉన్నప్పటికన్నా ఎక్కువ. నెమ్మదిగా నడవండి. రోజూ చేసే వ్యాయామం గుండెకు మంచిదే, దాన్ని మానొద్దు. కసి తీర్చుకోవడానికి చేసే వ్యాయామంతోనే పేచీ.

ఒక సిగరెట్ కాలిస్తే, ఒక పెగ్ వేస్తే చల్లబడతాను. తప్పా?

తప్పే. సిగరెట్ నాళాలను బిగిస్తుంది, గుండె వేగం పెంచుతుంది. కోపం చేసే పనినే అదీ చేస్తుంది. మద్యం నోటికున్న ఆ కాస్త అదుపును కూడా తీసేస్తుంది.

## ఛాతీలో తేడాగా అనిపిస్తే

గొడవ తర్వాత ఛాతీ బిగుసుకున్నట్టుంది. టెన్షనా, గుండెపోటా ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కూర్చుని తేల్చలేరు. ఇది నిక్కచ్చిగా చెప్పాల్సిన జవాబు. ఛాతీ మధ్యలో బరువు, నొక్కేసినట్టుండడం, మంట, అది ఎడమ చేయికో, రెండు చేతులకో, దవడకో, వీపుకో పాకడం, చల్లని చెమట, ఆయాసం, వికారం గుండెపోటు లక్షణాలు. ఆడవాళ్ళలో, షుగర్ ఉన్నవాళ్ళలో, వయసు మళ్ళినవాళ్ళలో అసలు నొప్పే లేకుండా ఆయాసం, నీరసం, వాంతులు మాత్రమే ఉండొచ్చు.

గొడవ తర్వాత వచ్చే గుండెపోటులో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. ఇంట్లో అందరికీ కారణం ముందే సిద్ధంగా ఉంటుంది. గొడవపడిన మనిషి కుర్చీలో కూర్చుని దవడ రుద్దుకుంటూ ఉంటాడు, చొక్కా చెమటకు తడిసి ఉంటుంది, "గ్యాస్, ఏం లేదు, కాసేపు నన్ను వదిలేయండి" అంటాడు. అలిగాడనుకుని అందరూ నిజంగానే వదిలేస్తారు. దూరంగా ఉండడం మర్యాద అనుకున్న ఆ గంటలోనే గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. అలక తీరకపోయినా ఫర్వాలేదు, ముందు చెమట చూడండి. అనుమానమొస్తే అంబులెన్స్‌కు ఫోన్ చేయండి.

అంబులెన్స్ వచ్చేలోపు ఏం చేయాలి?

కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, నడిపించకండి. ఆస్పిరిన్ పడనివాళ్ళు, రక్తస్రావ సమస్య ఉన్నవాళ్ళు కాకపోతే, 300 మి.గ్రా. ఆస్పిరిన్‌ను నమిలి మింగడం సాధారణంగా ఇచ్చే సలహా. ఫోన్‌లో ఉన్న వైద్య సిబ్బందిని అడిగి ఇవ్వండి. నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర డాక్టర్ ముందే ఆ మనిషికి రాసిచ్చి ఉంటేనే వాడాలి. బీపీ తక్కువగా ఉన్నా, సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి మందు వేసుకుని ఉన్నా అది ప్రమాదం. స్పృహ తప్పి, ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ సీపీఆర్ చేయండి. తనే బండి నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్ళడం మాత్రం వద్దు.

మొదటి ఈసీజీ నార్మల్. ఇంటికి వెళ్ళిపోవచ్చా?

డాక్టర్ పంపేదాకా వెళ్ళకండి. మొదటి ఈసీజీలో కనిపించని గుండెపోట్లు ఉంటాయి. అందుకే ఈసీజీ మళ్ళీ తీస్తారు, గుండె కండరం దెబ్బతిందా అని చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు.

ఆంజియోగ్రామ్‌లో బ్లాకులు లేవన్నారు, అయినా గుండె బలహీనపడిందన్నారు. అదెలా?

ఒక అవకాశం టకోట్సుబో. 1990లో జపాన్ డాక్టర్లు దీన్ని వివరించారు. తీవ్రమైన దుఃఖం, భయం, కోపం తర్వాత గుండె కింది భాగం ఉబ్బి, సరిగ్గా ముడుచుకోదు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలోనే ఎక్కువ. చాలామందికి కొన్ని వారాల్లో గుండె మళ్ళీ మామూలవుతుంది, అలాగని తేలిగ్గా తీసుకునే జబ్బు కాదు. కరోనరీ నాళం కాసేపు బిగుసుకుని వదిలేయడం ఇంకో అవకాశం. ఏదన్నది ఎకో, ఎంఆర్ఐ చూసి కార్డియాలజిస్ట్ చెప్పాలి.

## గుండెపోటు వచ్చి ఇంటికి చేరాక

స్టెంట్ వేశారు. ఇక కోపమొచ్చినా ఏం కాదు కదా?

స్టెంట్ ఒకచోటి అడ్డును తీసింది. మిగతా నాళాల్లోని కొవ్వు అక్కడే ఉంది. రాసిచ్చిన మందులు మానకపోవడమే ఇక్కడ అసలు రక్ష. కోపం మీద అదుపు దాని తర్వాతే వస్తుంది.

బీటా బ్లాకర్ వేసుకుంటే కోపం తగ్గుతుందా?

కోపం తగ్గదు, కోపం గుండెకు చేసే హాని తగ్గవచ్చు. అడ్రినలిన్ గుండె మీద చూపే ప్రభావాన్ని అది అడ్డుకుంటుంది. 3,886 మంది గుండెపోటు రోగులపై 2013లో వచ్చిన అధ్యయనంలో, ముందు నుంచే బీటా బ్లాకర్ వాడుతున్నవాళ్ళకు కోపం తర్వాత ప్రమాదం తక్కువగా పెరిగింది. ఇది చదివి సొంతంగా మొదలుపెట్టడం, హఠాత్తుగా మానేయడం రెండూ ప్రమాదమే.

ముందు ఎంతో నెమ్మదస్థుడు. గుండెపోటు తర్వాత ప్రతిదానికీ విసుక్కుంటున్నాడు. ఎందుకు?

భయం చాలాసార్లు కోపం రూపంలో బయటికి వస్తుంది. చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి, ఇంట్లో అందరూ తనని గాజుబొమ్మలా చూస్తుంటే ఇంకా రగిలిపోతాడు. గుండెపోటు తర్వాత డిప్రెషన్ కూడా చాలా మామూలు. అది ఏడుపుగానే కనబడాలని లేదు, విసుగుగా కూడా కనబడుతుంది. నిద్ర పట్టకపోవడం, గురకతో ఊపిరి ఆగే జబ్బు, థైరాయిడ్, షుగర్ పడిపోవడం, హఠాత్తుగా సిగరెట్ మానడం, ఇవన్నీ కోపం పెంచుతాయి. "నీ స్వభావం మార్చుకో" అనే ముందు ఇవి చూపించండి.

కౌన్సెలింగ్ వల్ల గుండెకు నిజంగా ఉపయోగం ఉందా?

ఉందనే చెప్పే గట్టి ఫలితాలున్నాయి. గుండెపోటు వచ్చినవాళ్ళతో చేసి 1986లో ప్రచురించిన ఫ్రీడ్‌మన్ అధ్యయనంలో, హడావిడి, కోపం తగ్గించుకునే శిక్షణ పొందినవాళ్ళలో నాలుగున్నరేళ్ళలో మళ్ళీ గుండెపోటు 12.9 శాతానికి వచ్చింది. మామూలు గుండె సలహాలు మాత్రమే అందినవాళ్ళలో 21.2 శాతానికి. స్వీడన్‌లోని ఉప్సాలలో ఏడాది పాటు చిన్న బృందాలుగా కూర్చోబెట్టి ఆలోచనా తీరు మార్చే శిక్షణ ఇచ్చారు. 2011లో వచ్చిన ఆ ఫలితాల్లో, గుండె, రక్తనాళాల సమస్యలు మళ్ళీ రావడం 41 శాతం తక్కువ. మందులకు బదులుగా ఇవ్వలేదు, మందులతో పాటే ఇచ్చారు. గుండె పునరావాస కార్యక్రమం మీ ఆసుపత్రిలో ఉందేమో అడగండి.

## ఇంట్లోవాళ్ళు అడిగేవి

"నాకేమైనా అయితే నీదే పూచీ" అని ప్రతి గొడవలో అంటారు. భయంతో ఇంట్లో ఎవరం నోరు విప్పడం లేదు. ఏం చేయాలి?

గుండె జబ్బు ఉన్న మనిషికి ఇంట్లో అందరి నోరూ మూయించే హక్కు రాదు. మీరు మౌనంగా ఉన్నంత మాత్రాన ఆయన గుండె బాగుపడదు, పైగా మీ ఆరోగ్యం పాడవుతుంది. ఏ మాటకు ఏ సమయం అన్నది మాత్రం చూసుకోవచ్చు. ఆకలి మీద, నిద్రలేమి మీద, బయటి నుంచి రాగానే డబ్బు లెక్కలు ఎత్తకండి. ఒకసారికి ఒకే విషయం. గొంతు పెరిగితే ఆపేసి మర్నాటికి పెట్టుకోండి. ఆ బెదిరింపు ఆగకపోతే, కార్డియాలజిస్ట్ దగ్గరికి కలిసి వెళ్ళినప్పుడు అక్కడే ఎత్తండి. "కోపం నీ బాధ్యత, మందులు నీ బాధ్యత" అని డాక్టర్ నోట వింటే ఇంట్లో చాలా మారుతుంది.

కొట్టడం, వస్తువులు విసరడం ఉంటే అది గుండె సమస్య కాదు. ముందు మీ భద్రత చూసుకోండి, సాయం అడగండి.

నాతో గొడవపడిన గంటకే నాన్న గుండెపోటుతో పోయారు. నేనే చంపానా?

లేదు. ఆ గొడవ జరిగిన గంటలో ప్రమాదం కొంత పెరిగి ఉండొచ్చు, ఆ మాట దాచను. కానీ అదే గొడవ, అదే స్థాయిలో, నాళాలు శుభ్రంగా ఉన్న మనిషితో జరిగి ఉంటే దాదాపు ఎప్పుడూ ఏమీ జరగదు. మూసుకుపోవడానికి సిద్ధంగా ఉన్న నాళం మెట్లెక్కినప్పుడో, తెల్లవారుజామున నిద్రలోనో, ఏ కారణమూ లేకుండానో మూసుకుపోయి ఉండొచ్చు. గొడవ లేని రోజున పోయి ఉంటే ముందురోజు ఏం జరిగిందో ఎవరూ గుర్తుపెట్టుకోరు. గొడవ రోజున పోతే ఆ గంటే జీవితాంతం మెదులుతుంది. మనసు లెక్కలు అలా ఉంటాయి, వైద్యం లెక్కలు వేరు.

నెలలు గడిచినా నిద్ర, తిండి, పని దెబ్బతింటుంటే మానసిక వైద్యుణ్ణి కలవండి. ఇంకో పని కూడా ఉంది. నాన్నకు 55 ఏళ్ళ లోపు గుండెపోటు వచ్చి ఉంటే, లేదా అమ్మకు 65 లోపు, పిల్లలకూ ముప్పు ఎక్కువే. మీరూ, మీ తోబుట్టువులూ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ పరీక్షలు ఈ నెలలోనే చేయించుకోండి.